కుంగిన మనస్సుకు క్రైస్తవ నిరీక్షణ



"ఫాదర్ గారూ, మా అబ్బాయి మూడు నెలలుగా గదిలోంచి బయటకు రావడం లేదు. పూజకు రమ్మంటే రాడు. జపమాల చేతికిస్తే పక్కన పెట్టేస్తాడు. వాడికి విశ్వాసం పోయిందంటారా?" విచారణలలో పనిచేసే గురువులకు ఇలాంటి ప్రశ్న కొత్త కాదు. అడిగేది ఒకసారి తల్లి, ఒకసారి భర్త, మరొకసారి ఉపదేశి. ఎవరి గురించి అడిగినా ఆ ప్రశ్న వెనుక ఉన్న భయం ఒక్కటే. మనస్సు కుంగిపోయిందంటే దేవునికి దూరమైనట్లేనా?

పరీక్ష తప్పిన విద్యార్థి, మిరప పంట దెబ్బతిని అప్పుల్లో కూరుకున్న రైతు, కాన్పు తరువాత కారణం తెలియకుండా ఏడుస్తున్న బాలింత, పిల్లలు విదేశాలకు వెళ్ళిపోగా పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులు, అందరికీ ధైర్యం చెప్పి తమ గదిలో తాము కుమిలిపోయే గురువులు, మఠకన్యలు. కుంగుబాటు అనే ఈ బరువు ఎవరి భుజం మీదనైనా పడవచ్చు. అలాంటి వారితో మనం తరచుగా అనే మాట, "విశ్వాసం ఉంటే దిగులెందుకు? గట్టిగా ప్రార్థన చేసుకో" అని. మంచి మనస్సుతోనే అంటాము. కాని వినేవారికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. అప్పటికే ఉన్న బాధకు "నాకు విశ్వాసం కూడా లేదు కాబోలు" అనే కొత్త బాధను చేర్చుతుంది. కాబట్టి ఈ విషయంలో పవిత్ర గ్రంథం ఏమి చెబుతుందో, శ్రీసభ ఏమి బోధిస్తుందో, మన కుటుంబాలు చేయవలసినదేమిటో ఈ వారం కలిసి తెలుసుకుందాం.

1. మూడు మాటలు, మూడు అర్థాలు

మొదట మాటలను వేరు చేసుకోవాలి. నిరుత్సాహం, కుంగుబాటు, నిరాశ అనే మూడింటినీ మనం ఒకే అర్థంలో వాడేస్తాము. అవి మూడూ ఒకటి కావు.

నిరుత్సాహం అందరికీ కలుగుతుంది. అనుకున్నది జరగనప్పుడు మనస్సు చిన్నబోతుంది. కొద్ది రోజుల విశ్రాంతి, ఒక మంచి మాట, ఒక చిన్న విజయం దానిని తగ్గిస్తాయి.

కుంగుబాటు వేరు. వైద్యులు దీనిని డిప్రెషన్ అంటారు. రెండు వారాలకు మించి, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం మనస్సు చీకటిగా ఉండటం, ఇంతకుముందు ఇష్టపడిన వాటిపై ఆసక్తి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అతిగా నిద్రపోవడం, ఆకలి మారిపోవడం, చిన్న పనికే అలసిపోవడం, దేనిమీదా మనస్సు నిలవకపోవడం, తాను ఎందుకూ పనికిరాననుకోవడం, చావు గురించి ఆలోచించడం దీని గుర్తులు. ఇది మధుమేహం వలె, క్షయ వలె వ్యాధి. పాపం కాదు, సోమరితనం కాదు, చేతబడి అంతకంటే కాదు.

మూడవది నిరాశ. వేదాంత శాస్త్రంలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. దేవుడు నన్ను రక్షించడు, క్షమించడు, నాకు సహాయం చేయడు అని తెలిసి తెలిసి, ఇష్టపూర్వకంగా దేవునికి తలుపు మూసివేయడమే నిరాశ. ఇది నిరీక్షణకు విరుద్ధమైన పాపమని కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2091) బోధిస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా గమనించాలి. కుంగుబాటుతో ఉన్న వ్యక్తి "దేవుడు నన్ను విడిచిపెట్టాడనిపిస్తోంది" అన్నప్పుడు అది అతడు తీసుకున్న నిర్ణయం కాదు, అతడు అనుభవిస్తున్న బాధ. బాధను పాపమని పిలవడం అన్యాయం.

2. నిరీక్షణ అంటే ఉల్లాసం కాదు

పదమూడవ శతాబ్దానికి చెందిన వేదపండితుడు పునీత తోమాసు అక్వినాసు ఆశను గురించి చక్కగా విశ్లేషించాడు. మనం ఆశించేదానికి నాలుగు లక్షణాలు ఉండాలి అంటాడు. అది మంచిది కావాలి, ఇంకా మన చేతికి రానిది కావాలి, సులభంగా దొరకనిది కావాలి, అయినా సాధ్యమైనది కావాలి. కుంగుబాటు ఈ నాలుగవదాని మీద దెబ్బ తీస్తుంది. మంచి ఉందని రోగికి తెలుసు. అది తనకు మాత్రం సాధ్యం కాదనిపిస్తుంది.

అయితే మనుష్య సహజమైన ఆశ వేరు, జ్ఞానస్నానంలో దేవుడు మనలో నాటిన నిరీక్షణ అనే దైవిక సుగుణం వేరు. మొదటిది మనోభావం. శరీరం అలసినప్పుడు, నిద్ర కరువైనప్పుడు అది వాడిపోతుంది. రెండవది మన చిత్తంలో నివసిస్తుంది, మన బలం మీద కాక దేవుని సహాయం మీద ఆనుకుంటుంది. కనుక సంతోషం అనిపించకపోయినా నిరీక్షణ ఉండవచ్చు. జ్వరం వచ్చిన నోటికి పంచదార కూడా చేదుగానే ఉంటుంది. అంతమాత్రాన పంచదార తీపి పోయిందంటామా? నోటికి జబ్బు చేసింది, అంతే. అలాగే కుంగిన మనస్సుకు దేవుని ప్రేమ రుచి తెలియకపోవచ్చు. ఆ ప్రేమ మాత్రం తగ్గలేదు.

ఇదే పండితుడు దుఃఖానికి మందులేమిటని ప్రశ్నించుకొని ఇచ్చిన జవాబు మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. మనస్సుకు హితమైనది ఏదైనా చేయడం, కన్నీరు కార్చడం, స్నేహితుల సానుభూతి, సత్యాన్ని ధ్యానించడం, నిద్ర, స్నానం. అంతటి వేదాంతి నిద్రను, స్నానాన్ని కూడా ఈ జాబితాలో చేర్చాడు. మనిషి శరీరం, ఆత్మ కలిసిన ఒకే వ్యక్తి అని అతడు మరువలేదు. మనమూ మరువకూడదు.

3. ఏలియాను దేవుడు ఎలా ఆదరించాడు?

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయాన్ని ఈ వారం కుటుంబ ప్రార్థనలో చదవండి. దానికి ముందు అధ్యాయంలో ఏలియా కర్మేలు కొండ మీద 450 మంది బాలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలిచి గెలిచాడు. మరుక్షణమే యెసెబెలు రాణి బెదిరింపు విని ప్రాణభయంతో పారిపోయాడు. బేర్షెబాలో తన సేవకుణ్ణి విడిచిపెట్టాడు. ఒక్కడే ఒక రోజు ప్రయాణమంత దూరం ఎడారిలోకి వెళ్ళి, ఒక చెట్టు క్రింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. తరువాత నిద్రపోయాడు.

అంత పెద్ద విజయం తరువాత ఇంత పెద్ద పతనమా? అవును. అలసట, భయం, ఒంటరితనం మూడూ కలిస్తే ప్రవక్త అయినా కుంగిపోతాడు. ఇప్పుడు దేవుడు ఏమి చేశాడో వరుసగా చూడండి.

దేవుడు మందలించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దేవదూత వచ్చి మొదట అతణ్ణి తాకాడు, తరువాత లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు తల దగ్గర ఉన్నాయి. ఏలియా తిని మళ్ళీ పడుకున్నాడు. దేవదూత విసుగుకోకుండా రెండవసారి వచ్చాడు, ప్రయాణం నీ శక్తికి మించినది కనుక తినమన్నాడు. ఆ బలంతో ఏలియా నలభై పగళ్ళు, నలభై రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. దేవుడు ప్రశ్న అడిగింది అక్కడే. అది కూడా గాలిలో కాదు, భూకంపంలో కాదు, అగ్నిలో కాదు, ఒక మెల్లని స్వరంలో. ఏలియా తన గోడునంతా రెండుసార్లు వెళ్ళబోసుకున్నాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. ఆ తరువాత చేయవలసిన పని చెప్పాడు, తోడుగా ఎలీషాను ఇచ్చాడు. నేనొక్కణ్ణే మిగిలానని అన్న ఏలియాకు, బాలు ముందు మోకరించని వారు ఇంకా 7,000 మంది ఉన్నారని తెలిపాడు.

నిద్ర, ఆహారం, స్పర్శ, సమయం, వినే చెవి, చిన్న పని, ఒక తోడు. దేవుడు ఏలియాను ఈ వరుసలోనే లేపాడు. మనం చాలాసార్లు ఈ వరుసను తలక్రిందులు చేసి, ప్రసంగంతో మొదలుపెడతాము.

4. చీకటిలో నడిచిన భక్తులు

ఏలియా ఒక్కడే కాదు. ప్రజల భారం మోయలేక మోషే తనను చంపివేయమని దేవునితో మొరపెట్టుకున్నాడు (సంఖ్యా 11). యిర్మీయా తాను పుట్టిన దినాన్ని శపించుకున్నాడు (యిర్మీయా 20). అంధుడైన తోబీతు, అవమానాలపాలైన సారా ఒకే రోజున, వేర్వేరు ఊళ్ళలో, చావు కోరుకుంటూ ప్రార్థించారు. దేవుడు ఆ ఇద్దరి మొరలూ ఆలకించి రఫాయేలు దూతను పంపాడు (తోబీతు 3). మరణమిమ్మని అడిగితే వారికి స్వస్థత ఇచ్చాడు. 88వ కీర్తన మొదటి నుండి చివరి వరకు చీకటే. అందులో ఒక్క సంతోషవాక్యంతోనైనా ముగింపు లేదు. అయినా అది పవిత్ర గ్రంథంలో ఉంది, శ్రీసభ దానిని తన ప్రార్థనగా చేసుకుంది. ఎందుకు? చీకటిలో నుండి దేవునితో మాట్లాడటం కూడా ప్రార్థనే కనుక.

అన్నిటికీ మించి గెత్సేమనె తోట ఉంది. తన ఆత్మ మరణవేదన పొందుచున్నదని యేసు ప్రభువు తన శిష్యులతో చెప్పుకున్నాడు (మార్కు 14). తనతోపాటు మేల్కొని ఉండమని ముగ్గురిని బ్రతిమాలాడు. దైవకుమారుడే తోడు కోరుకున్నప్పుడు, తోడు కోరుకోవడం బలహీనత ఎలా అవుతుంది?

పునీతుల జీవితాలు కూడా ఇదే చెబుతాయి. పునీత చిన్న తెరేజమ్మ తండ్రి లూయీ మార్టిన్ ఫ్రాన్సు దేశంలో గడియారాలు బాగుచేసే భక్తిపరుడు. జబ్బు మెదడుకు సోకి మతి చెదరగా 1889లో ఆయనను కాన్ పట్టణంలోని మానసిక రోగుల ఆసుపత్రిలో చేర్చారు. మూడేళ్ళకు పైగా అక్కడే ఉన్నాడు. కూతుళ్ళు మఠంలో చేరడం వల్లనే తండ్రికి ఈ గతి పట్టిందని ఊళ్ళో నలుగురూ చెప్పుకున్నారు. ఆ మాటలు ఆ ఆడపిల్లల గుండెల్లో ముళ్ళు. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను, ఆయన భార్య జేలీని కలిపి పునీతులుగా ప్రకటించారు. పిచ్చాసుపత్రి అని మనం ముఖం తిప్పుకునే చోట పడుకున్న ఒక మనిషి ఈనాడు బలిపీఠాల మీద గౌరవం పొందుతున్నాడు.

ఆ తెరేజమ్మ కూడా 1896 పాస్కా పండుగ కాలం నుండి 1897 సెప్టెంబరు 30న చనిపోయే వరకు, పరలోకమే లేదేమోననే చీకటిలో నడిచింది. కలకత్తా పునీత తెరెసా తన సేవ ప్రారంభించిన నాటి నుండి దాదాపు యాభై ఏళ్ళు దేవుని సన్నిధి తెలియని శూన్యాన్ని భరించిందని 2007లో ప్రచురితమైన ఆమె ఉత్తరాలు తెలిపాయి. ఈ ఇద్దరిదీ కుంగుబాటు వ్యాధి అని నేననడం లేదు. దేవుడు దగ్గర ఉన్నట్లు అనిపించకపోయినా ఆయనను అంటిపెట్టుకొని ఉండవచ్చని వారు చూపించారు.

5. మందు కూడా దేవుని వరమే

"మందులు వాడితే విశ్వాసం లేనట్లు కాదా?" అని కొందరు అడుగుతారు. మన కతోలిక పవిత్ర గ్రంథంలోని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. వైద్యుణ్ణి గౌరవించమంటుంది, మందులను నేలనుండి సృష్టించినది దేవుడేనంటుంది, జబ్బు చేసినప్పుడు ప్రార్థించమని చెప్పి ఆ వెంటనే వైద్యునికి కూడా చోటివ్వమంటుంది. ప్రార్థనకు, వైద్యానికి మధ్య గోడ కట్టినది మనమే, దేవుడు కాదు.

రెండవ జాన్ పాల్ పోపుగారు 2003 నవంబరులో డిప్రెషన్ గురించి రోమునగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ప్రసంగించారు. ఈ వ్యాధి మనిషికి ఆధ్యాత్మిక పరీక్ష కూడా అవుతుందని, చుట్టూ ఉన్నవారు దేవుని వాత్సల్యాన్ని రోగికి తెలిసేలా చేయాలని కోరారు.

కుంగుబాటుకు మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకొని గుణం లేదని మానకూడదు. కాస్త తేలికైంది కదా అని, స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చాము కదా అని, తపస్సుకాలం ఉపవాసం కదా అని వైద్యుని అడగకుండా ఆపకూడదు. గుణదల మాత కొండ ఎక్కండి, బాలయేసును వేడుకోండి, కాని వైద్యుడిచ్చిన చీటీని కూడా వెంట తీసుకెళ్ళండి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు.

6. ఆ నలుగురు మనమే కావాలి

ఇక ఈ పాఠానికి గుండెకాయ వంటి మాట. పునీత మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొని వచ్చారు. గుంపు వల్ల లోపలికి వెళ్ళలేక, ఇంటి కప్పు తీసి పడకను క్రిందికి దించారు. అప్పుడు యేసు వారి విశ్వాసాన్ని చూశాడని సువార్త చెబుతుంది. ఆ రోగి అంతవరకు ఒక్క మాట మాట్లాడినట్లు లేదు. అతడు నడవలేనప్పుడు ఆ నలుగురు అతని కాళ్ళయ్యారు.

నిరీక్షణ విషయంలోనూ ఇది సాధ్యమే. ప్రేమతో మరొకరితో ఏకమైనవాడు తన కొరకు నిరీక్షించినట్లే వారి కొరకు కూడా నిరీక్షించగలడని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు. ఇంట్లో ఒకరు నిరీక్షించలేని స్థితిలో ఉంటే, మిగిలినవారు వారి తరఫున నిరీక్షిస్తారు. వారు ప్రార్థించలేకపోతే మనం వారి తరఫున ప్రార్థిస్తాము. శ్రీసభ ఒకే శరీరమనడానికి అర్థం ఇదే.

బెల్జియం దేశంలోని గేల్ పట్టణం దీనికి సాక్ష్యం. అక్కడ పునీత డింఫ్నా సమాధి వద్దకు వచ్చే మానసిక రోగులను మధ్యయుగాల నుండి ఊరి కుటుంబాలు తమ ఇళ్ళలోనే ఉంచుకొని, తమతోపాటు భోజనం పెట్టి, చేతనైన పని ఇచ్చి చూసుకుంటూ వచ్చాయి. ఆ ఆచారం నేటికీ నిలిచి ఉంది.

మన ఇళ్ళలో ఏమి చేయవచ్చు?

* సలహా ఇచ్చే ముందు వినండి. మాట్లాడకపోయినా పక్కన కూర్చోండి.
* వేళకు ఇంత అన్నం, నిద్ర, స్నానం, సాయంత్రం నాలుగడుగుల నడక. ఇవి చిన్నవిగా కనిపించే పెద్ద మందులు.
* మొదటిసారి వైద్యుని దగ్గరకు మీరే తోడు వెళ్ళండి.
* యాభైమూడు పూసల జపం చేయమని ఒత్తిడి చేయకండి. జపమాల చేతిలో పట్టుకొని "యేసూ" అని ఒక్కసారి అనగలిగితే అది చాలు. ఆ మాత్రం కూడా చేతకాకపోతే మీరు ఆ గదిలో కూర్చొని జపించండి.
* దేవాలయానికి రాలేకపోతే విచారణ గురువుకు తెలపండి. దివ్యసత్ప్రసాదం ఇంటికి వస్తుంది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావుబ్రతుకుల్లో ఉన్నవారికి మాత్రమే అనుకోకండి. తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి విషయం గురువును అడగండి.
* క్షమింపబడిన పాపాన్నే మళ్ళీ మళ్ళీ తలచుకొని కుమిలేవారికి, దేవుడు ఒకసారి క్షమించినది మళ్ళీ లెక్కకు తీయడని నెమ్మదిగా గుర్తుచేయండి.
* "చావాలని ఉంది" అనే మాటను బెదిరింపుగా కొట్టివేయకండి. చావు ఆలోచనలు వస్తున్నాయా అని ప్రేమగా, సూటిగా అడగండి. అలా అడగడం ఆ ఆలోచనను పుట్టించదు, మనస్సులోని భారాన్ని బయటకు చెప్పుకొనే దారి ఇస్తుంది. వారిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళండి.

7. దుఃఖంలో ఉన్న కుటుంబాలకు

ఈ మాటలు చదువుతూ, తమ వారిని ఇలాగే పోగొట్టుకొని కంటతడి పెట్టే కుటుంబాలు ఉండవచ్చు. ప్రియ సోదరులారా, తీవ్రమైన మానసిక వ్యాధి, వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని సత్యోపదేశం (2282) స్పష్టంగా చెబుతుంది. అలా మరణించినవారి నిత్యరక్షణ గురించి నిరాశ చెందరాదని, దేవుడు తనకు మాత్రమే తెలిసిన మార్గాలలో వారికి పశ్చాత్తాప అవకాశం ఇవ్వగలడని, శ్రీసభ వారి కొరకు ప్రార్థిస్తుందని ఆ తరువాతి సంఖ్యలోనే ఉంది. బుద్ధిపూర్వకంగా ఆత్మహత్య చేసుకున్నవారికి శ్రీసభ భూస్థాపన సంస్కారాలను నిరాకరించే నియమం 1917 నాటి శ్రీసభ ధర్మశాస్త్రంలో ఉండేది. 1983 నాటి ధర్మశాస్త్రంలో అది లేదు. కనుక వారి ఆత్మ విశ్రాంతి కొరకు దివ్యబలిపూజలు చేయించండి. ఇరుగుపొరుగువారు ఆ ఇంటిని వేలెత్తి చూపక, ఆ ఇంట్లో నలభై రోజులైనా దీపం ఆరకుండా, ఒకరి తరువాత ఒకరు వెళ్ళి కూర్చోండి.

కుటుంబంలో ధ్యానించుటకు

అ) ఏలియాను దేవుడు ఆదరించిన విధానంలో మనం మన ఇంట్లో ఏది పాటిస్తున్నాము? ఏది మరిచాము?
ఆ) మన వీధిలో ఈ మధ్య కనిపించకుండాపోయినవారు ఎవరు? ఈ వారంలో వారి ఇంటికి ఎవరు వెళతారు?
ఇ) మన మాటల్లో ఏవి రోగిని గాయపరుస్తాయి? వాటికి బదులు ఏమనవచ్చు?

ప్రార్థన

గెత్సేమనె తోటలో వేదనపడిన ప్రభువా, చీకటిలో ఉన్న మా సహోదరీ సహోదరులను నీ చేతులకు అప్పగిస్తున్నాము. వారు నిన్ను పట్టుకోలేని వేళ నీవే వారిని పట్టుకొనుము. వారి పడకను మోసే ఓపికను మాకు దయచేయుము. వ్యాకులమాతా, వారి పక్కన నిలిచి వారి కొరకు వేడుకొనుము. ఆమెన్.